వజ్రకరూరు చేన్లో నేను చెప్పిన అబద్ధం

పొద్దున వజ్రకరూరు దగ్గర ఒక బీడు చేన్లో తీతువు పిట్ట గుడ్లు ఫొటో తీద్దామని పోయినా. దానికి గూడంటూ ఏమీ ఉండదు. గులకరాళ్ల నడుమ నాలుగు గుడ్లు, అవీ రాళ్ల మాదిరే ఉంటాయి. కెమెరా పట్టుకుని ఎర్రమట్టిలో బోర్లా పడుకున్నా.

మొన్న వాన పడినప్పటి నుంచి ఆ చేన్ల నిండా వజ్రాలు వెతికే జనమే. ఒక అవ్వ నా దగ్గరికొచ్చి నిలబడింది.

"ఏమప్పా, ఏమన్నా దొరికిందా?"

గుడ్లని చెప్తే చూడ్డానికి వంగుతాది, పిట్ట ఇంక దగ్గరికి రాదనుకున్నా.

"ఏం లేదవ్వా."

పిట్ట మళ్లీ వచ్చి పొదగాలని గబగబా బ్యాగు సర్దుకుని బండి దగ్గరికి పోయినా. అర్ధగంటకు లెన్సు మూత మర్చిపోయినానని తిరిగొచ్చినా. నేను పడుకున్న చోటే ముప్పై మంది కూర్చుని మట్టి గీకుతాండారు. తీతువు వాళ్ల నెత్తిమీదే అరుస్తా తిరుగుతాంది. ఒక్కరూ తల ఎత్తలేదు. గుడ్ల పెంకులు చెప్పుల కింద నలిగిపోయి ఉండాయి.

అవ్వ నన్ను చూసి నవ్వింది. "వజ్రం దొరికినోడు ఎవడు చెప్తాడులే నాయనా."

ఈడే పుట్టి పెరిగినోణ్ణి. ఆ సంగతి నాకు తెలీదా? అయినా అప్పుడు గుర్తు రాలేదు.

నాలుగు గుడ్ల ఫొటో బాగా వచ్చింది. ఈడ పెట్టడానికి చెయ్యి రావడం లేదు. అవ్వకు నేనేం చెప్పుంటే అవి మిగిలేవో మీరే చెప్పండి.