నేను శుభ్రం చేసిన సముద్రం

నిన్న పొద్దున మా దీవిలో సిప్పీఘాట్ దగ్గర సముద్రాన్ని శుభ్రం చేశాను. ఎంత బాగా చేశానంటే, ఒకామె వల మునిగిపోయింది. నవ్వకుండా వింటానంటే చెబుతాను.

పత్రికలో పాతికేళ్లుగా ఉన్నాను. ఈ వారం నీళ్ల బాటిళ్ల మీద రాద్దామనుకున్నాను. ఎండాకాలం వస్తే మేముండే గరాచర్మలో కుళాయికి మూడు రోజులకోసారి నీళ్లు. ఎదురు కొట్లో మాత్రం బాటిళ్లు నేల నుంచి కప్పు దాకా! కొనగలిగినవాడికి దాహం బాధ లేదు, కొనలేనివాడు బిందె పట్టుకుని లైన్లో నిలబడతాడు. తాగేశాక బాటిల్ సముద్రంలోకి. ఇదంతా ఊరికే రాస్తే ఎవరు నమ్ముతారు? కళ్లతో చూడాలి, లెక్కపెట్టాలి, పారేసేదెవరో కనిపెట్టాలి.

అప్పన్న అని నాకు తెలిసిన జాలరి ఉన్నాడు. తాతల కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చినవాళ్లు. తెల్లారేసరికి వాడి డుంగీలో, అంటే ఇంజిన్ కట్టిన చిన్న పడవలో, ఎక్కి కూర్చున్నాను.

సునామీ నాడు సముద్రం సిప్పీఘాట్ పొలాల్లోకి వచ్చి, మళ్లీ వెనక్కి పోలేదు. ఎండిన చెట్లు ఇప్పటికీ ఆ నీళ్లలోనే నిలబడి ఉన్నాయి. నిన్న వాటి చుట్టూ పొగమంచు. ఏది చెట్టో ఏది దాని నీడో తెలియడం లేదు. అప్పన్న ఇంజిన్ ఆపాడు. "భయ్యా, రాత్రంతా వేటే. కాసేపు పడుకుంటాను, మీ పని మీరు కానీండి" అని తలకింద తువ్వాలు పెట్టుకున్నాడు. పడవ తనంతట తానే కదులుతోంది. నాకూ సగం నిద్రలో ఉన్నట్టే ఉంది.

అప్పుడు కనిపించాయి బాటిళ్లు! ఒకటి కాదు, వరసగా. మంచులో మెల్లగా ఊగుతూ, ఎవరో ముగ్గు చుక్కలు పెట్టినట్టు. ప్రతిదానికీ నైలాన్ తాడు. చెత్త మీద చెత్త! కత్తి తీసి మొదటిది కోశాను. తాడు సర్రున కిందికి జారిపోయింది. రెండోది, మూడోది. కోసినప్పుడల్లా నీళ్ల అడుగున ఎవరో నిట్టూర్చినట్టుండేది. బస్తాలో పట్టాలని ఒక్కోదాన్నీ కాలితో తొక్కి పగలగొట్టాను. ఇంత చప్పుడుకీ అప్పన్న కదల్లేదు. ఇరవయ్యేళ్లు ఇంజిన్ పక్కన కూర్చున్న చెవులవి.

నోట్‌బుక్‌లో ఇలా రాసుకున్నాను: "పద్నాలుగు. మూడింటి మీద పరాయి దేశపు లిపి. అన్నిటికీ ఒకే రంగు తాడు, ఒకే రకం ముడి. ఆశ్చర్యం!"

ఆశ్చర్యపడ్డాను గానీ, ఆలోచించలేదు.

అప్పన్న లేచి బస్తా వైపు చూశాడు. "ఈ తాడు ముక్కలేటి భయ్యా?"

"బాటిళ్లకే ఉన్నాయి. కోసేశాను."

వాడు ఒక ముక్క తీసి ముడి తిప్పి చూశాడు. తర్వాత నెమ్మదిగా అన్నాడు. "అవి మా అక్క వల తేలడానికి కట్టినవి."

వాళ్ల అక్క నూకాలమ్మ. మొగుడు పోయాక నిలవల ఒక్కటే ఆమెకి ఆధారం. ఖాళీ బాటిళ్లే ఆ వలని నీళ్లలో నిలబెట్టేవి. పోటు తీసి నీళ్లు దిగేలోగా దొరక్కపోతే వల మడచెట్ల వేళ్లలో పడి పీలికలైపోతుంది. దిగి వెతకడానికీ లేదు, గట్టు మీద మొసళ్ల బోర్డు!

"ఎక్కడ కోసినారు?"

నోట్‌బుక్ తిరగేశాను. ఎన్ని బాటిళ్లో ఉంది, ఏ లిపో ఉంది. ఎక్కడన్నది లేదు.

అప్పన్న ఫోన్ కొట్టి పడవ ఒడ్డుకి తెచ్చేసరికి నూకాలమ్మ పరుగున గట్టు మీదికొచ్చింది. సంగతి విని నావైపు ఒక్క చూపు చూసి పడవెక్కింది. తిట్టినా బాగుండేది.

"ఒరే అప్పన్నా, ఆ మోడూ దానెనక తాటిచెట్టూ ఒక్క గీతలోకి రావాలి. ఇంకా ఎడంకి! ఎడమంటే కుడికి పోతావేట్రా, గాడిదా! సీదా... బస్, బస్! రుకో! లంగరెయ్యి!"

లంగరు వేసి ఈడ్చారు. మొదటిసారి బురద. రెండోసారి కొమ్మ. మూడోసారి తాడు బిగిసింది. వల పైకొచ్చింది, రెండు చోట్ల చిరుగుతో, నాలుగు కొయ్యింగ చేపలతో. నాకు ఊపిరొచ్చింది.

"మరి బాటిళ్లు?" అంది నూకాలమ్మ. బస్తా విప్పి చూసింది. "అన్నీ తొక్కీసినారా బావూ! సాయంత్రం పోటుకి వల ఎయ్యాల. దేనికి కట్టమంటారు?"

గంటసేపు గట్టంతా తిరిగాను. దొరికినవాటిలో ఒకదానికి మూత లేదు, ఒకదానికి అడుగు లేదు. ఆఖరికి మా ఎదురు కొట్టుకే పోయాను.

"రెండు లీటర్లవి పద్నాలుగు కావాలి."

"సార్, మీరా? ఇంట్లో ఫంక్షనా?"

"ఖాళీ బాటిళ్లు కావాలి."

"నీళ్లున్నవే అమ్ముతాను సార్. ఓడ మీద చెన్నై నుంచి వచ్చిన నీళ్లు, ఫస్ట్ క్లాస్!"

ఇంటికి తెచ్చి బకెట్లోకి వంచుతుంటే మా ఆవిడ అడ్డం పడింది. "కుళాయి రావడానికి ఇంకా రెండు రోజులుంది. ఒక్క చుక్క కింద పోశారో!" ఆ నీళ్లతోనే పప్పు ఉడికింది, గిన్నెలు కడిగాం, ఒంటికంటిన బురద వదిలేలా నేను స్నానమూ చేశాను. సముద్రం దాటి వచ్చిన నీళ్లు, చాలా చల్లగా ఉన్నాయి.

సాయంత్రం నూకాలమ్మ మూతలు బిగించి తాళ్లు కట్టింది. నేనూ రెండు ముడులు వేస్తే, అవి విప్పి మళ్లీ తనే వేసుకుంది. "ఈసారి సముద్రం తుడవాలనిపిస్తే ముందు నాకో ఫోన్ కొట్టండి బావూ" అంది.

ఎండ వాలుతుంటే వల నీళ్లలోకి జారింది. లేబుళ్లు కూడా చింపని బాటిళ్లు తళతళలాడుతూ వరసగా నిలబడ్డాయి. ఆ నీళ్లలో బాటిళ్లు పారేసేదెవరో పేరుతో సహా రాయాలని పొద్దున బయల్దేరాను. పద్నాలుగు బాటిళ్ల వరకు పేరు దొరికింది, నాదే.