సక్కుబాయి ముందు నిలిచిన ముడి లేదు

ముడి కనబడితే సక్కుబాయి చెయ్యి ఊరుకోదు. అది పనికొచ్చే ముడా, పనికిరాని ముడా, తన ఇంటిదా, పక్కింటిదా, దేవుడిదా అని చూడదు. ముందు విప్పుతుంది. ఎందుకు విప్పానా అని తర్వాత ఆలోచిస్తుంది. ఆలోచన ఎటూ తెగకపోతే చుట్టుపక్కల ఇంకో ముడి ఉందేమోనని చూస్తుంది.

ఇంకే ఊళ్ళోనైనా ఇది చెల్లేది. ఆమె పుట్టింది సిరిసిల్లలో. ఆ ఊరు బతికేదే ముడి మీద. అక్కడ మరమగ్గాన్ని సాంచా అంటారు. పోగు తెగితే సాంచా ఆగుతుంది, సాంచా ఆగితే పొయ్యి ఆగుతుంది. అందుకని ఊరంతా పొద్దున లేచింది మొదలు తెగినదాన్ని ముడివేసే పనిలోనే ఉంటుంది. అంతమంది ముడివేసే చోట విప్పే పిల్లను పుట్టించాడంటే బ్రహ్మ ఆ రోజు కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయి వచ్చాడనుకోవాలి.

ఆమె విద్య తొమ్మిదో నెలలోనే బయటపడింది. తల్లి నూలు కండెలు చుట్టుకుంటూ, పాకే పిల్ల ఎటైనా పోతుందని నడుముకు చీర పేలిక కట్టి, రెండో కొస మంచం కోడుకు కట్టేది. ఒకనాడు తిరిగి చూస్తే మంచం ఉంది, పేలిక ఉంది, పిల్ల లేదు. పక్కింటి దొడ్లో దొరికింది. ఆ దొడ్లో మేక లేదు, మేక తాడు మాత్రం పిల్ల చేతిలో ఉంది. ఆ మేక తంగళ్ళపల్లి వంతెన అవతల దొరికిందని కొందరంటారు, సిద్దిపేట బస్సెక్కిపోయిందని కొందరంటారు. రెండోదే నిజమై ఉండాలి. మొదటిదాంట్లో మజా లేదు.

అయిదో ఏట వేములవాడ తీసుకుపోయారు. అక్కడ కోడెను పట్టి గుడి చుట్టూ తిప్పి, కట్టేసి మొక్కు తీర్చుకుంటారు. తండ్రి కోడెను కట్టి, దండం పెట్టుకుని కళ్ళు తెరిచేసరికి కోడె లేదు. పట్టుకొచ్చి మళ్ళీ కట్టాడు. మళ్ళీ లేదు. మూడోసారి కట్టాక ఒక చేత్తో దండం పెట్టుకుంటూ, రెండో చేత్తో బిడ్డ రెండు చేతులూ పట్టుకున్నాడు. ఇంటికొచ్చి భార్యతో ఒక్కటే మాటన్నాడట: "మూడేండ్ల మొక్కు ఒక్కనాడే తీరింది. ఇగ మూడేండ్లు పోవుడు లేదు."

ఆ మేక గలవాళ్ళ కొడుకే పర్శరాములు. సక్కుబాయి కంటే రెండేళ్ళు పెద్ద. ఆమె విప్పడానికి పుడితే అతడు కట్టడానికి పుట్టాడు. కోళ్ళ కాళ్ళు కట్టాడు, అన్న లాగు బొందును తమ్ముడి లాగు బొందుకు కట్టాడు, చివరికి బడిలో పంతులు ధోవతి అంచును కుర్చీ కాలికి కట్టాడు. పంతులు లేవబోతున్నాడు. లేస్తే ఆ తర్వాతి పాఠం పిల్లలెవరూ జన్మలో మరిచిపోయేవారు కాదు. సక్కుబాయి బల్ల కింద నుంచి పాకి పోయి, రెప్పపాటులో విప్పింది. పంతులు వంగి చూస్తే ధోవతి కొస ఆమె చేతిలో ఉంది. తన్నులు ఎవరికి పడ్డాయో వేరే చెప్పక్కర్లేదు. ఆమె మాత్రం పర్శరాములు పేరు చెప్పలేదు. పదేళ్ళు నిండకముందే ఇద్దరూ బడికి దండం పెట్టారు. బడి కూడా వాళ్ళకు దండం పెట్టింది.

ఈ సంగతులన్నీ ప్రవళిక సక్కుబాయికి కోడలై వచ్చాక విన్నవి. ముందే విని ఉంటే జమ్మికుంట నుంచి పెళ్ళికి పిన్నీసుల డబ్బా తెచ్చుకునేది. అయ్యగారు కొంగుముడి వేసి, అరుంధతిని చూపిస్తాను రండని బయటికి నడిచాడు. పెళ్ళికొడుకు వెంకటేశ్ కూడా నడిచాడు. అతని వెనకాల ఉండాల్సిన కొంగు మాత్రం సక్కుబాయి చేతిలో ఉంది. పెళ్ళి ఆల్బంలో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. రెండు కొసలూ రెండు చేతుల్లో పట్టుకుని, గుడ్డ నాణ్యం చూపించే దుకాణదారులాగా నిలబడి ఉంటుంది.

జమ్మికుంట చుట్టాలు గుసగుసలు మొదలుపెట్టారు. అపశకునమన్నారు. అప్పుడు పెళ్ళికూతురు తల ఎత్తింది. ఇక్కడ ప్రవళిక విద్య గురించి ఒక మాట చెప్పాలి. చెక్కు చెదరని మొహంతో అబద్ధం చెప్పడంలో ఆ పిల్లను మించినవాళ్ళు పాత కరీంనగర్ జిల్లాలో లేరు. ఆరో తరగతిలో మూడు రోజులు బడి ఎగ్గొట్టి, మార్కెట్ యార్డులో పత్తి బస్తాల మీద నిద్రపోతే తనను కూడా లారీకెత్తి గుంటూరు దాకా తోలుకుపోయారని చెప్పింది. టీచరమ్మ ఏడ్చి, పాపం అని లడ్డూ కొనిపెట్టింది.

"మా అత్తగారోళ్ళ ఆచారమే గిది" అంది పెళ్ళికూతురు. "కొంగుముడి ఒకసారి ఇప్పి మల్ల ఏస్తరు. గట్టిగుందో లేదో చూసుకోవాలె గద."

చుట్టాలు నమ్మారు. ఎంతగా నమ్మారంటే, ఆ తర్వాత జమ్మికుంటలో జరిగిన రెండు పెళ్ళిళ్ళలో కొంగుముడి విప్పి మళ్ళీ వేశారు.

అత్తగారింట్లో కాపురమంటే ముడి లేని కాపురం. బట్టలారేసే తాడు రోజుకు రెండుసార్లు కింద పడేది. దోమతెర రాత్రి కట్టేవరకే కట్టినట్టు. సక్కుబాయి ఎదురొస్తే వీధిలో ఆడవాళ్ళు ఒక చెయ్యి లంగా బొందు మీద వేసుకుని పలకరించేవారు. అలాగని ఆమెను వద్దనేవాళ్ళూ లేరు. ఇయర్‌ఫోన్ తీగ చిక్కుపడితే పిల్లలు ఆమె దగ్గరికే వచ్చేవారు. మానేరు డ్యాం దగ్గరి జాలరులు చిక్కుపడ్డ వలలు ఆటోలో వేసుకొచ్చేవారు. ఒకసారి వల విప్పేసరికి లోపల బతికున్న చేప దొరికిందట. దానికి ప్రత్యక్షసాక్షులు ఉన్నారని ప్రవళిక అంటుంది. ఆమె విద్యేమిటో ఇప్పుడే చెప్పాను కనుక మీ ఇష్టం.

అసలు తంటా కార్ఖానాలో వచ్చింది. వెంకటేశ్ సాంచాలు నడిపేది శ్యాంసుందర్ సేటు కార్ఖానాలో. పోగు అతికే పని పర్శరాములుది. సాంచాకు పడుగు నూలు చుట్టి ఉండే రోలరును భీము అంటారు. ఒక భీము నూలు అయిపోయి కొత్త భీము ఎక్కినప్పుడు పాత పోగు కొసకు కొత్త పోగు కొసను ఒక్కొక్కటిగా అతకాలి. రెండు వేలకు పైగా పోగులు. నలభై ఏళ్ళుగా ఆయన అతికిన చోట వేలుతో తడిమినా తెలిసేది కాదు. తన అతుకు దేవుడు కూడా విప్పలేడని ఆయన అనేవాడు. దేవుడి సంగతి తెలియదు కానీ సక్కుబాయి రోజూ విప్పుతోందని రెండేళ్ళుగా కార్ఖానా మొత్తానికీ తెలుసు. కొడుక్కు బువ్వ డబ్బా తెస్తుంది. అందరూ తినడానికి రేకుల కిందికి పోతే ఆమె లోపల భీము దగ్గర కూర్చుంటుంది. పర్శరాములు గేటు దాకా వినబడేలా తిడతాడు. ఆ సాయంత్రం ఏ పోగు తెగినా ఆ నేరం సక్కుబాయిదే.

ఈసారి బడిపిల్లల యూనిఫారం గుడ్డ ఆర్డరు అందుకున్నారు. బడులు తెరిచేలోపు గుడ్డ పోవాలి. అలాంటప్పుడు ఒకే పూట ముప్పై పోగులు తెగాయి. సేటు అందరినీ పిలిచి చెప్పాడు.

"సక్కుబాయీ, నువ్వు గీ గడప తొక్కద్దు. ఇంకో నాలుగు దినాలు గిట్లనే పోగులు తెగినయంటే సూరత్ నుంచి అతికే మిషన్ దింపుత. పర్శరాములు ఇంట్ల కూసుంటడు. గా పాపం నీదే."

అంత కోపంలోనూ సేటు ఎర్రదారం కట్టుకున్న చేతిని వెనక్కి దాచుకునే మాట్లాడాడు.

ప్రవళికకు తల కొట్టేసినట్టయింది. అత్త పిచ్చికి ఒక పెద్దమనిషి పని పోతుందా అని అత్తను ఇంట్లో కూర్చోబెట్టి, డబ్బా తానే తీసుకుపోయింది. సక్కుబాయి రెండు రోజులు సరిగా తినలేదు. ఊరికే కూర్చోలేక నులక మంచం మొత్తం ఊడదీసి ఉండ చుట్టింది. వెంకటేశ్ చాప మీద పడుకున్నాడు.

విచిత్రమేమంటే, ఆమె గడప తొక్కని ఆ రెండు రోజుల్లో పోగులు అంతకు రెండింతలు తెగాయి. ఆమె ఇంట్లో కూర్చునే విప్పుతోందని కొందరన్నారు. రెండో రోజు మధ్యాహ్నం డబ్బా ఇచ్చిన ప్రవళిక వెంటనే వెనక్కి రాలేదు. సాంచాలు ఆగి, మనుషులు రేకుల కిందికి పోయాక లోపలికి తొంగి చూసింది.

పర్శరాములు భీము ముందు పీట మీద ఒక్కడే ఉన్నాడు. వేళ్ళు వణుకుతున్నాయి. రెండు పోగుల కొసలు ఎదురెదురుగా వచ్చి, పలకరించుకోకుండానే పక్కకు తప్పుకుంటున్నాయి. మూడోసారికి ముడి పడింది. చెయ్యి తియ్యగానే జారింది. అలికిడికి ఆయన తలెత్తి, రెండు చేతులూ తువ్వాల కింద పెట్టుకున్నాడు.

"మీ అత్త రాదా బిడ్డా?"

"రావద్దన్నరు గద మామా."

"ఔ. అన్నరు. తిట్టేతందుకు ఎవ్వలు లేక మంచిగ లేదు."

ప్రవళిక ఇంటికి పరుగున వచ్చింది. సక్కుబాయి చీపురు కట్ట విప్పుతోంది.

"అత్తమ్మా, నువ్వు ఆడ ఇప్పుతున్నవా, ఏస్తున్నవా?"

సక్కుబాయి చీపురు పుల్లలు సర్దింది. "జారేటియి ఇప్పుతున్న. ఇప్పినయి మల్ల ఏస్తున్న."

"నీకు ముడి ఎయ్యొస్తదా?" పుట్టి బుద్ధెరిగాక ఆమె ముడివేయగా చూసినవాళ్ళు ఆ ఊళ్ళో లేరు. జుట్టుకు కూడా క్లిప్పే.

"యాబై ఏండ్ల సంది పర్శరాములు ఏసిన ముడులు ఇప్పుతున్న. ఎట్ల ఇప్పాల్నో తెలిసినదానికి ఎట్ల ఎయ్యాల్నో తెల్వదా?"

"గట్లైతే అందరు నిన్ను తిడుతుంటె ఎందుకూకున్నవ్?"

"నాకు తిట్లు అరుగుతయి. బడిల ఉన్నప్పటి సంది తింటనే ఉన్న. వానికి ఒక్కటి గూడ అరగది."

"మామకు తెలుసా?"

"తిట్టుకుంటనే బయటికి పోతడు. పోయేటప్పుడు పీట నా దిక్కు జరిపి పోతడు. తెల్వకుంటె జరుపుతడా?"

మర్నాడు పొద్దున్నే సేటు ఫోను చేతిలో పట్టుకుని వచ్చాడు. సూరత్‌కు కలపడమే తరువాయి. సక్కుబాయి రాకపోయినా పోగులు తెగాయి కనుక అందరి చూపులూ మెల్లగా పర్శరాములు తువ్వాల మీదికి తిరిగాయి. ఆయన తువ్వాల తీసి, నోరు తెరవబోయాడు.

"నేనే ఇప్పిన సేటూ" అంది, ఆ పొద్దు వెంకటేశ్ వెంటే వచ్చిన ప్రవళిక.

వెంకటేశ్ చేతిలోని కండె కింద పడి దొర్లుకుంటూ పోయింది. ఎందుకని సేటు అడిగాడు.

"నేర్సుకుందామని. మామ అతుకు పైకెల్లి చూస్తె ఏం సమజ్ కాదు. మా జమ్మికుంట మార్కెట్ల పత్తి బస్తా గూడ లోపల చెయ్యి పెట్టే చూస్తరు."

"అడిగితె నేర్పడా?"

"గింతవరకు ఎవ్వలకన్న నేర్పిండా? మీరు చెప్తె కాదనడు." ప్రవళిక మొహంలో ఒక్క వెంట్రుక కదలలేదు. "సూరత్ మిషన్ గూడ మామ అతుకు చూసే చేసిండ్రట గద. నూటికి అరవై మార్కులే వచ్చినయట. గీ సంగతి అందరికి ఎరుకే. మీకు తెల్వదా సేటూ?"

అందరికీ తెలిసింది తనకు తెలియదంటే ఏం సేటు? "తెల్వకేం" అన్నాడు. ఫోను జేబులోకి పోయింది. పది నిమిషాల్లో కుర్చీ వచ్చింది. పర్శరాములు ఇక పోగు ముట్టొద్దనీ, ఆయనే చేసుకుపోతే నేర్చుకునేవాళ్ళు ఎప్పటికి నేర్చుకుంటారనీ, కుర్చీలో కూర్చుని నోటితో చెప్పాలనీ హుకుం అయింది. ప్రవళికతో పాటు ఇంకో నలుగురు ఆడపిల్లల్ని అప్పగించారు. నేర్చుకునేవాళ్ళు తప్పు ముడులు వేస్తారు కనుక విప్పడానికి ఒక మనిషి కావాల్సి వచ్చింది. విప్పే పనికి జీతమిచ్చి మనిషిని పెట్టుకోవడం సిరిసిల్లలో అదే మొదలు. ఆ ఆలోచన తనకే వచ్చిందని సేటు ఇప్పటికీ చెప్పుకుంటాడు.

సక్కుబాయి విప్పినవి చాలావరకు తానే వేసింది కనుక యూనిఫారం గుడ్డ వేళకు పోయింది. మిషన్ సంగతి వచ్చే ఏడు చూద్దామన్నారు. పర్శరాములు చేతులకు వణుకుంది కానీ నాలుకకు లేదు. కుర్చీలో నుంచి ఆయన తిట్టే తిట్లకు ఆడపిల్లల ముడులు బిగుసుకోసాగాయి. అబద్ధం ఆడినందుకు శిక్ష ఏమిటో ప్రవళికకు అప్పుడు తెలిసింది. దాన్ని నిజం చేసేదాకా వేళ్ళు కాయలు కాయాల్సిందే.

నెల తిరిగాక ఒకనాడు ఆమె ఒక ముడి వేసి, మొదటిసారి తిట్టు పడకపోయేసరికి తలెత్తింది. పర్శరాములు ఆ పోగు వైపు గడ్డం చూపించాడు.

"సక్కూ, గిది ఇప్పు చూద్దాం."

సక్కుబాయి అందరికీ వీపు పెట్టి నిలబడింది. పోగును బొటనవేలి కింద దాచి, అటు తిప్పింది, ఇటు తిప్పింది. చివరికి వదిలేసింది.

"ఇది నాకు రాలే" అంది.

యాభై ఏళ్ళలో ఆ మాట ఆమె నోట విన్నవాళ్ళు లేరు. పర్శరాములు మీసం దువ్వుకుని, చల్లగా మంచినీళ్ళకని బయటికి పోయాడు.

ప్రవళిక అత్త మొహం వైపు చూసింది. రెప్పలు టపటపలాడుతున్నాయి. చూపు నేల మీద ఉంది. చెవులు ఎర్రబడ్డాయి. ఆ రంగంలో ఆరితేరిన మనిషి కనుక ప్రవళికకు జాలేసింది. ఇంటికి పోయాక అత్తకు అబద్ధం ఎలా చెప్పాలో మొదటి నుంచీ నేర్పాలనుకుంది.