మా ఆయన మూగనోము

మా ఆయన నోటికి తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు. సెలూన్ కుర్చీలో కూర్చున్న మనిషి మెడకు గుడ్డ చుట్టింది మొదలు, వాడు లేచి చొక్కా దులుపుకునే దాకా కబుర్లే కబుర్లు. “కాస్త నోరు మూసుకుని పని చేసుకోకూడదటండీ?” అని విసుక్కునేదాన్ని.

“పిచ్చిదానా, గొంతు మీద కత్తి ఉన్నప్పుడు మనిషి బిగుసుకుంటే తెగుతుందే. వాడి ధ్యాస నా మాటల మీదుంటే మెడ వదులవుతుంది” అనేవారు.

అలాంటి మనిషికి ఉన్నట్టుండి ఎడమ కనురెప్ప సగం వాలిపోయింది. కంటి వెనక ఒకటే పోటు. ఒక చెంప రెండు చెంపలుగా కనబడుతుంటే కత్తి ఎవరి మీద పెడతారు? సెలూన్ మూసేశారు.

ఎంఆర్ఐ చూసి డాక్టరమ్మ చెప్పింది. కళ్ళ వెనక, మెదడు అడుగున కావర్నస్ సైనస్ అని నెత్తురు పారే చిన్న చోటుందట. కన్ను తిప్పే నరాలన్నీ అందులోంచే వెళతాయట. అక్కడేదో వాచింది. అది క్యాన్సరో కాదో ఆ బొమ్మలో తేలలేదు. ముక్క తీసి చూద్దామంటే అది సులువుగా కత్తి పెట్టే చోటు కాదు.

“పెట్ స్కాన్ చేద్దామమ్మా. చక్కెర లాంటి మందు నరంలోకి ఎక్కిస్తాం. ఒంట్లో చురుగ్గా ఉన్న చోటల్లా అది చేరి, బొమ్మలో వెలుగుతుంది. ఈ జబ్బే ఇంకెక్కడైనా పైపైన కనిపిస్తే, ముక్క అక్కడే తీసుకోవచ్చు” అంది.

క్యాన్సర్ అన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. ఆ తర్వాత ఆవిడ చెప్పినవి సగం బుర్రకెక్కలేదు.

స్కాన్ రోజు సూది వేసే అమ్మాయి, “గంటసేపు మాట్లాడకూడదు, నమలకూడదు. కదిలిన కండలు కూడా మందు తాగేస్తాయి” అంది. అంత భయంలోనూ నాకు నవ్వొచ్చింది. ఈయనకా చెబుతున్నావు తల్లీ!

అనుకున్నంతా అయింది. బొమ్మ చూసి డాక్టరమ్మ తల పట్టుకుంది. “మాట్లాడారు కదూ? దవడ, గొంతు, మెడ అంతా వెలిగిపోయింది. ఇందులో జబ్బేదో, మాటలేవో నేనెలా విడదీయను? మళ్ళీ చేయాలి.”

ఆయన నేలచూపులు చూస్తూ నాతో అన్నారు: “పక్క తెర వెనక ఒకాయన గజగజ వణికిపోతున్నాడే. ఊరుకోలేకపోయాను.”

“ప్రాణం మీదికొచ్చినా మీ నోరు ఊరుకోదా?” అని అందరి ముందూ కడిగేశాను. తన కన్నే సరిగ్గా తెరుచుకోని మనిషి, ముక్కూమొహం తెలియనివాడికి ధైర్యం చెప్పాడంటే ఏమనాలి? కోపం చల్లారాక ఆయన మీద చెప్పలేనంత జాలేసింది.

రెండోసారి మూగనోము పట్టినట్టు పడుకున్నారు. తలుపు బయట బెంచీ మీద నేను. లోపలి నుంచి చప్పుడే లేదు. నిద్రలో కూడా గొణిగే మనిషాయన. ఈయన లేకపోతే ఇల్లు ఇలాగే ఉంటుంది కాబోలనిపించి, లేచి వెళ్ళి తలుపుకు చెవి ఆనించాను.

ఈసారి బొమ్మ తేటగా వచ్చింది. కంటి వెనకతో పాటు మెడలో వాచిన ఒక చిన్న బిళ్ళ వెలిగింది. దాన్నుంచి సూదితో ముక్క తీసి పరీక్షకు పంపారు. కొన్నాళ్ళకు ఫలితం వచ్చింది.

“క్యాన్సర్ కాదు. ఒంటిని కాపాడే కణాలే దారితప్పి గుంపుకట్టాయి. మందులతో తగ్గే వాపే. కంటి వెనక కత్తి అక్కర్లేదు. కన్ను కుదుటపడటానికి మాత్రం కొన్ని నెలలు పట్టొచ్చు” అంది డాక్టరమ్మ.

మా ఆయన నోరు తెరిచారు. మాట రాలేదు. మెట్లు దిగాం, రోడ్డు దాటాం, బస్టాపుకొచ్చాం. అప్పటికీ మాట లేదు.

“ఏదో ఒకటి అనండీ” అన్నాను.

వాలిన రెప్ప కిందనుంచి నావైపు చూశారు. “బాగా భయపడ్డావుటే?”

“నాకేం భయం” అనబోయి, నలుగురూ చూస్తున్నా ఆయన చొక్కా పట్టుకుని బావురుమన్నాను. “భయపడ్డానండీ. మీ వాగుడు లేని ఇంట్లో నేనుండలేను.”