నండు, ఎండ్రకాయ, పీత

నిన్న పొద్దున కాఫీ పొయ్యి మీద ఉండగా ఫోన్ మోగింది. మీ అక్కగారు పోయి ఏడాది కావస్తోంది కదా, ఆమె మీద జ్ఞాపక సంచిక వేస్తున్నాం, చెల్లెలిగా మీరు నాలుగు మాటలు రాసివ్వాలి అని ఒక పెద్దమనిషి అడిగాడు. గొంతులో చాలా మర్యాద ఉంది. సంచికకు ‘మాతృభాషా తపస్విని’ అని పేరు కూడా పెట్టేశారట. ఆ తపస్విని అన్న మాట వింటే అక్క కడుపు పట్టుకుని నవ్వేది. చేపల పులుసు లేనిదే ముద్ద దిగని మనిషి, టీ ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరేసే మనిషి, తపస్సు ఎక్కడ చేస్తుంది? సరే రాస్తానన్నాను. అప్పుడాయన మెల్లగా అసలు సంగతికొచ్చాడు. పులికాట్ పక్కన ఆ అరవ పిల్లల బడి గొడవ మాత్రం వద్దమ్మా, పాత విషయాలు ఇప్పుడెందుకు, తెలుగు కోసం ఆమె పడిన తపన రాయండి చాలు అన్నాడు. కాఫీ పొంగి పొయ్యి ఆరిపోయింది. ఆ బడిని తీసేస్తే మా అక్క బతుకులో రాయడానికి ఇంకేమీ మిగలదని చెప్పి ఫోన్ పెట్టేశాను. ఇంత కోపం ఈ వయసులో ఒంటికి మంచిది కాదని మా డాక్టరు అంటాడు. ఒంటికి మంచివి కానివి నేను చాలానే తిని అరిగించుకున్నాను. ఆయన వద్దన్న ఆ సంగతే ఇక్కడ రాస్తున్నాను.

మాది కోవూరు. నాయన దూది ఏకి పరుపులు కుట్టేవాడు. మా పేర్లు ముస్లిం పేర్లు, ఇంట్లో మాట తెలుగు. అమ్మ ముద్దు చేసినా, తిట్టినా, జ్వరంలో కలవరించినా తెలుగే. అక్కకు ఆరేళ్ళప్పుడు బడిలో చేర్చారు. పెద్దయ్యవారు పేరు అడిగాడు. పేరు విన్నాక ఇక మాతృభాష ఏమిటని అడగాల్సిన అవసరం ఆయనకు కనపడలేదు. ఉర్దూ చెప్పే గదిలోకి పంపించాడు. అక్క నెలల తరబడి ఆ గదిలో ఒక మూల కూర్చుంది. చుట్టూ పిల్లలు నవ్వితే నవ్వేది, లేస్తే లేచేది. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలేదు. ఎందుకు చెప్పలేదే అని పెద్దయ్యాక నేనడిగితే, “బడంటే అర్థం కానిదే గామాల అనుకున్నా మే” అంది. చివరికి ఆ గదిలో పంతులు, చెడ్డవాడేమీ కాదు, నాయనను బజార్లో ఆపి, మీ పిల్ల మొద్దు, చదువు మాన్పించి కుట్టుపని నేర్పించు అని సలహా చెప్పాడు. నాయన ఆ పళంగా, తల నిండా దూది పింజలతోనే బడికి పోయాడు. “సార్, మాకు నమాజు అరబ్బీలో, బేరం తెలుగులో. ఉర్దూ మా ఇంటికి చుట్టపుచూపుగా కూడా వచ్చింది లేదు” అన్నాడట. అక్కను గది మార్చారు. మొద్దు అన్న మాటను మాత్రం ఎవరూ వెనక్కి తీసుకోలేదు.

తర్వాత అక్క తెలుగు చదివింది, మద్రాసు పోయి భాషాశాస్త్రం చదివింది, యూనివర్సిటీలో టీచర్లకు పాఠాలు చెప్పే ఉద్యోగం తెచ్చుకుంది. పంతానికి ఉర్దూ నేర్చుకుంది, ఇష్టంగా తమిళం నేర్చుకుంది. సభల్లో ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, ‘మీ తెలుగు ఎంత బాగుందండీ’ అని మెచ్చుకునేవారు. ‘మీది కూడా బాగానే ఉందండీ’ అనేది అక్క, అంతే మర్యాదగా. పెళ్ళిళ్ళలో దూరపు చుట్టాలేమో, ముస్లిం పిల్లవయ్యుండి ఇంట్లో ఉర్దూ లేదా అని ముక్కు మీద వేలేసుకునేవారు. ఈ రెండు రకాల మనుషుల మధ్య నలిగి నలిగి ఆమె చదువు తయారైంది. ఆ చదువు సారం నాకర్థమైనంతలో చిన్నదే. పిల్ల ఇంటి నుంచి తెచ్చుకున్న మాటను బడి గుమ్మం దగ్గర వదిలించకూడదు. దాని మీదనే బడి మాటను నిలబెట్టాలి, ఆ రెండింటి మీద ఇంగ్లీషును నిలబెట్టాలి. ఒక భాష రావడానికి ఇంకొకటి పోనక్కర్లేదు. ఇంత చిన్న సంగతి చెప్పడానికి జీవితమంతా పట్టింది, అయినా వినేవాళ్ళు దొరకలేదు.

ఆ బడి దొరవారిసత్రం దాటాక పులికాట్ సరస్సు వైపున్న ఒక పల్లెలో ఉండేది. అక్కడివాళ్ళు చేపలు పట్టుకునేవాళ్ళు, ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు. బడి తెలుగు బడి. అక్క ఏదో పరిశీలన కోసం పోయి వెనక బెంచీలో కూర్చుంది. ఒక పిల్ల ఏళ్ళ తరబడి ఒకటో తరగతిలోనే ఉంది. పలకదు, ఉలకదు, బుర్ర తక్కువ అని అయ్యవారు ముందే చెప్పాడు. ఆయన పుస్తకంలో బొమ్మ చూపించి ఇదేంది మే అని అడిగాడు. ఆ పిల్ల చాలాసేపటికి, ‘నండు’ అంది. కాదు, పీత, కూర్చో అన్నాడు. నోరు తెరిచిన ఆ ఒక్కసారీ తప్పయిపోయింది.

విరామంలో అక్క ఆ పిల్ల పక్కన కింద కూర్చుని తమిళంలో, నండును ఎట్లా పడతావు అని అడిగింది. ఇక ఆ పిల్ల ఆగలేదట. కుబుసం విడిచిన మెత్తటి పీత ఎక్కడ దాక్కుంటుందో, కొండి తగలకుండా వెనక నుంచి ఎట్లా పట్టుకోవాలో, ఆడదాన్ని మగదాన్ని పొట్ట చూసి ఎట్లా చెప్పాలో, చేతులు తిప్పుతూ చెప్పుకుంటూ పోయింది. అయ్యవారు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. అక్క ఆ పిల్లతో, ఈసారి తెలుగులో, నెమ్మదిగా అంది: “మా కోవూర్లో దీన్ని ఎండ్రకాయ అంటాం. నువ్వు నండు అంటావు. పుస్తకంలో పీత అని ఉండాది. మూడూ రైటే.” అయ్యవారికి నవ్వొచ్చింది. ‘ఆ లెక్కన నేనూ తప్పే మేడం, మా ఇంట్లోనూ ఎండ్రకాయే’ అన్నాడు. మంచివాడు. ఆ రోజు నుంచి అక్క పక్షానికి మారిపోయాడు.

ఆ బడిలో తన పద్ధతిలో చెప్పడానికి అక్క అనుమతి తెచ్చుకుంది. ఆ పిల్ల మేనత్త కొంచెం చదువుకున్న మనిషి, ఆమెను సాయానికి పెట్టుకున్నారు. పొద్దున పిల్లలు తమ మాటలో ఒక సంగతి చెప్పాలి. దాన్నే అందరూ కలిసి తెలుగులోకి తేవాలి, తెచ్చింది బోర్డు మీద రాయాలి, రాసింది చదవాలి. బోర్డు నిండా వలలు, పడవలు, ఉప్పునీళ్ళు. నేను సెలవు పెట్టి ఒకసారి చూడ్డానికి పోయాను. ఎప్పుడూ చూడని అల్లరి, ఎవరి మాట ఎవరికీ వినపడదు. బుర్ర తక్కువ అన్న ఆ పిల్లే మిగతావాళ్ళ తెలుగు దిద్దుతోంది, మధ్యలో నా తెలుగు కూడా దిద్దింది.

నాలుగేళ్ళు అట్లా నడిచాక ఒక రోజు తల్లులు గుంపుగా వచ్చారు. మా మాట మాకు వచ్చు, దానికి బడెందుకు, ఇంగ్లీషు చెప్పండి మేడం అన్నారు. అక్క నొచ్చుకుంటుందనుకున్నాను. వాళ్ళతో కూర్చుని టీ తాగి, సరే అంది. వాళ్ళడిగింది న్యాయమే అని నాతో అంది. ఇంగ్లీషు కావాలంటే సొంత మాట ఉమ్మేయాలని వాళ్ళకు ఎవరు నేర్పారో వాళ్ళ మీదనే తన కోపమంతా అంది. బోర్డు మీద ఇంగ్లీషు వరస కూడా మొదలైంది. ఇంగ్లీషు కూడా పిల్లలకు ఆ దారినే వచ్చింది, ఎందుకంటే చెప్పే సంగతి వాళ్ళకు ముందే తెలుసు.

ఆ వరస నిండకుండానే నెల్లూరులో మీటింగు పెట్టి పిలిచారు. అక్కకు జ్వరంగా ఉండి నన్ను తోడు తీసుకుపోయింది, నేను వెనక కుర్చీలో కూర్చున్నాను. బల్లకు అటుపక్క ఉన్న అధికారి చాలా శాంతంగా మాట్లాడాడు. ఇది ఆంధ్ర, అరవం చెప్పించడానికి మాకు వీలు లేదు, వచ్చే ఏడాది నుంచి మొదటి రోజే ఇంగ్లీషు, మధ్యలో ఈ మెట్లన్నీ దండగ అన్నాడు. అంతవరకు అక్క ఓపిగ్గా జవాబులు చెప్పింది. అప్పుడాయన నవ్వుతూ, “అసలు మీకెందుకు మేడం ఈ గొడవ? మీ వాళ్ళ పిల్లలు ఉండారు, ఉర్దూ బళ్ళు ఉండాయి, వాటి సంగతి చూసుకోవచ్చు గదా” అన్నాడు.

అక్క చీర చెంగు సర్దుకుని, గొంతు పెంచకుండా చెప్పింది. “సార్, మా ఇంటి మాట తెలుగు. చిన్నప్పుడు నా పేరు చూసి నన్ను అర్థంకాని గదిలో కూర్చోబెట్టినారు. ఇప్పుడు మీరూ నా పేరే చూస్తుండారు. ఆ పిల్లలు మాట్లాడేది ఒక్క పూట వచ్చి వినండి. నేనడిగేది అంతే.”

టీలు వచ్చాయి, బిస్కెట్లు వచ్చాయి. అందరూ వాటిని చూస్తూ తాగారు. తర్వాత కొద్ది రోజులకే అనుమతి రద్దయింది. మేనత్తను మాన్పించారు, అయ్యవారిని బదిలీ చేశారు. వినడానికి మాత్రం ఎవరూ రాలేదు. ఆ గదిలో ఆ టీ ఎందుకు తాగానా అని ఇప్పటికీ నా ఒళ్ళు మండుతుంది.

మరుసటి ఏడాది అక్క మళ్ళీ ఆ పల్లెకు బయల్దేరితే నేనూ పోయాను. నండు అన్న ఆ పిల్ల అప్పటికే దొరవారిసత్రం హైస్కూలుకు పోతోంది. దాని చెల్లెలు ఒకటో తరగతి. కొత్త టీచరమ్మ చిన్నపిల్ల, తనకే ఇంగ్లీషు సరిగా రాదు, భయపడుతూ చెబుతోంది. చెల్లెలి చేత ఒక ఇంగ్లీషు పాట చెప్పించింది. ఆ పిల్ల చేతులు కట్టుకుని, కళ్ళు గోడ మీద పెట్టి, గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. అక్క దగ్గరికి తీసుకుని, ఏమిటమ్మా ఆ పాటలో ఉన్నది అని తమిళంలో అడిగింది. ఆ పిల్ల బెదిరిపోయి టీచరు వైపు చూసింది. చిన్న చేత్తో అక్క నోరు మూసింది. ఇక్కడ మన మాట మాట్లాడకూడదు అని గుసగుసగా చెప్పింది.

జీవితమంతా పిల్లల నోరు తెరిపించడానికి చదివిన మనిషి నోటిని ఒక పసిపిల్ల, తన మంచికోసమే, మూసేసింది. తిరుగు బస్సులో అక్క నాయుడుపేట దాటాక, “ఇన్నాళ్ళూ ఆఫీసుల్లో వాళ్ళకు తెలీక చేస్తుండారనుకున్నా మే. తెలీకేం కాదు. వాళ్ళ బిడ్డలకైతే ఇట్టా చేస్తారా?” అంది. ఆమె ఏడవలేదు. ఏడ్చి ఉంటే నాకు బాగుండేది.

ఆ తర్వాత కోపమే ఆమెకు తిండీ నీళ్ళూ అయింది. రాసింది, తిరిగింది, పోట్లాడింది. తెలుగు అభిమానులు అరవ మేడం అన్నారు, మిగతావాళ్ళు ఇంగ్లీషు శత్రువు అన్నారు. రావాల్సిన పదవులు పక్కనుంచి పోయాయి. భాషా దినోత్సవం నాడు దీపం వెలిగించడానికి మాత్రం కారు పంపేవారు. తన దగ్గర టీచర్లవబోయే పిల్లలు చేరితే, మొదటి క్లాసు అంతా వాళ్ళకు ముక్క రాని భాషలో చెప్పి, మధ్యమధ్యలో లేపి ప్రశ్నలడిగేది. పెద్ద పెద్ద మీసాలవాళ్ళకు చెమటలు పట్టేవి. ఒకడైతే నిజంగానే గోడ దూకి పారిపోయాడు. వాణ్ణి పిలిపించి, పారిపోవడం తెలిసింది కాబట్టి నువ్వు మంచి టీచరువవుతావు అంది. రిటైరయ్యేవరకు ఆ పాఠం మానలేదు.

అక్క పోయిన రోజు ఆ పల్లె అక్కచెల్లెళ్ళిద్దరూ కోవూరు వచ్చారు. పెద్దది సూళ్ళూరుపేటలో మందుల షాపులో పనిచేస్తోంది, మూడు భాషల్లోనూ దబాయించి మాట్లాడుతుంది. వచ్చినవాళ్ళకు కుర్చీలు వేయించింది, నా చేత నాలుగు మెతుకులు తినిపించింది. చిన్నది అయిదో తరగతితో ఆపేసి, రొయ్యలు వలిచే షెడ్డులో పనికి పోతోంది. సాయంత్రం దాకా గోడకు ఆనుకుని నిలబడింది. పోయేముందు నా దగ్గరికొచ్చి, పొడిపొడి తెలుగులో, “మేడం మా అక్కకు చెప్పింది. నాకు చెప్పనీలేదు వాళ్ళు” అంది. ఆమె మాటలో నిష్ఠూరం లేదు. అదే నన్ను ఎక్కువ కోసింది.

ఈమధ్య గాలి మారినట్టుంది. ఇంటి మాటతో చదువు మొదలుపెట్టాలని పెద్ద హాళ్ళలో చెబుతున్నారు, అక్క ఏళ్ళ కిందట అన్న మాటలే తెర మీద వేసి చూపిస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. కొట్టుకోనీ. పొరపాటు దిద్దుకోవడానికి ఆఫీసులకు ఎప్పుడూ ఇంకో ఏడాది ఉంటుంది. రొయ్యల షెడ్డులో నిలబడ్డ ఆ పిల్లకు ఒకటో తరగతి వయసు ఒక్కసారే వచ్చింది, వాళ్ళు మీటింగులో టీ తాగుతున్నప్పుడే వెళ్ళిపోయింది.