రంపపు పొట్టు పెట్టె

ఫిట్టర్ మావయ్య పోయాడని తెలుక్ ఆన్సన్ నుంచి నేనుండే బ్రిక్‌ఫీల్డ్స్ పేటకి వచ్చిన లారీ డ్రైవరు మొన్న చెప్పాడు. అప్పటికే మూడో రోజు కూడా అయిపోయిందట. మెర్డెకా, అంటే ఈ మలయా దేశానికి స్వాతంత్ర్యం రావడం, చూశాకే పోయాడు, అంతవరకు నయం. నా మూలాన ఆయన అంతకు కొన్నేళ్ల ముందే ఉరికంబం ఎక్కవలసింది. ఆ సంగతి నేనింతవరకు ఎవరికీ చెప్పలేదు.

రబ్బరు ఎస్టేటులో ఆయన ఫిట్టరు, నేను కొత్తగా చేరిన గుమాస్తాని. తెల్లదొరల మీద తిరుగుబాటు లేచిన ఎమర్జెన్సీ రోజులు. అడవిలో తుపాకులవాళ్లు, ఇళ్ల చుట్టూ ముళ్లకంచె. సాయంత్రం సైరను మోగాక బయట కనిపిస్తే కాల్చేయవచ్చు. మా దొరకి వేట రైఫిలు ఉండేది. అనుమతి తెచ్చుకుని, పేల్చిన తూటాల ఖాళీ గొట్టాల్లో మళ్లీ మందు పోయించేవాడు. ఆ పని మావయ్యది. మందు ముట్టే ముందు మూడుసార్లు చేతులు కడుక్కునేవాడు. "మీ అత్త పోసే అట్లు ఒకటి దలసరి, ఒకటి పల్సన. నా మందు మటుకు అన్నిట్లోనూ ఒకటే" అని నవ్వేవాడు. అత్తకి వినబడనంత దూరంలోనే లెండి.

ఆ తూటాల వేగం చూడడానికి, రంపపు పొట్టు నింపిన పెట్టెని గొలుసులతో వేలాడదీశారు. దొర దానిమీదికి తూటా పేలిస్తే అది వెనక్కి ఊగుతుంది. ఎంత ఎక్కువ ఊగితే గుండుకి అంత వేగం ఉన్నట్టు. ఆ ఊపు కొలిచి రాయడం, పనయ్యాక పెట్టెని షెడ్డులో పెట్టడం నా వంతు. ఒక సాయంత్రం పెట్టె దించకముందే సైరను మోగింది. భయంతో దాన్ని అలాగే వదిలేసి ఇంటికి పరుగెత్తాను. తెల్లారేలోగా పెద్ద వాన పడింది.

మర్నాడు అవే తూటాలు, కానీ ఊపు నాలుగు వేళ్లు తగ్గింది. ఎండెక్కేకొద్దీ ఒక్కోసారి ఒక్కోలా వచ్చింది. దొర మొహం ఎర్రబడింది. మందు తక్కువ పోశావు, మిగిల్చింది అడవిలో ఎవరికి పంపుతున్నావని మావయ్యని అడిగాడు. ఆ రోజుల్లో ఆ నేరానికి ఉరే. పెట్టె తడిసి ఉంటుందని నాకు తెలుసు. చెబితే, కావాలనే వదిలావంటారేమోనని నోరు పెగల్లేదు. సిగ్గుచేటే, కానీ నిజం.

దొర పోలీసులకి ఫోను చేయబోయాడు. ఒక్కసారి పెట్టెని తూచి చూడమని మావయ్య మలయ్ భాషలో బతిమాలాడు. రబ్బరు పాలు తూచే కాటా మీదికి ఎక్కించారు. నింపిన రోజుకన్నా చాలా బరువు తూగింది. మూత తీస్తే పొట్టంతా ముద్దై ఉంది. బరువెక్కిన పెట్టె తక్కువ ఊగింది, అంతే. దీన్ని వానలో వదిలిందెవరని దొర అరిచాడు.

మావయ్య నావైపు చూడనైనా లేదు. ఆ సాయంత్రం దాన్ని దించే పని తనే తీసుకుని మరిచిపోయానన్నాడు. దొర నానా తిట్లూ తిట్టి ఆ పనిలోంచి తీసేశాడు.

ఇంటికి వెళ్లే దారిలో నాకు ఏడుపు ఆగలేదు. ఎందుకలా చెప్పావని అడిగాను.

"నువ్వు కొత్తోడివి. నీ మాట నమ్మరు. నన్నయితే తిట్టి ఊరుకుంటారు లా" అన్నాడు, మలయ్ వాళ్ల తీరులో మాట చివర 'లా' చేర్చి.

"నీకు బయం లేదేటి మావా?"

మావయ్య కాలవ గట్టు మీద కూర్చుని చుట్ట తీశాడు. మొదటి అగ్గిపుల్ల ఆరిపోయింది, రెండోది విరిగింది. గాలి లేదు. అగ్గిపెట్టె తీసుకుని నేనే పుల్ల గీసి పట్టుకున్నాను. ఆయన నోట్లో చుట్ట ఎంతగా వణుకుతోందంటే, దాని కొస మంటకి అందనే లేదు.