గీతలు మిగిలిన వేలు

రోజూ పొద్దున గని గేటు దగ్గరి హాజరు మిషన్ మీద వేలు పెట్టే ముందు సుబ్బరత్నమ్మ బొటనవేలిని నూనె రాసిన తలకు రుద్దుకునేది. ఇనుపరాయి కొట్టీ కొట్టీ గీతలరిగిపోయిన ఆ వేలిని మిషన్ ఒక పట్టాన గుర్తుపట్టేది కాదు. ఎర్రలైటు వెలిగించి ఇంగ్లీషులో కసిరేది. ఒకరోజు ఏడుసార్లు కసిరింది.

“నేనెవురో నీకు తెలీదా తిరుమలేషప్పా? ఎనిమిదేండ్ల నుంచి ఈడనే కొడతాండా!”

“నాకు తెలుసక్కా, దానికి తెలీదే! అది ఒప్పుకోకుంటే ఈపొద్దు కూలి లేదు,” అన్నాడు గుమాస్తా.

“దాని మొగం మండ! రాయి కొట్టే చేతికి గీతలు యాడ మిగుల్తాయి?”

తిరుమలేష్ విసుక్కుంటూనే ఆమె పది వేళ్లూ తిప్పి చూశాడు. ఎడమ చిటికెనవేలికి మాత్రం గీతలున్నాయి. దాన్నే మిషన్‌లో ఎక్కించాడు. పచ్చలైటు వెలిగింది.

ఇప్పుడామె రాయి కొట్టేటప్పుడు ఆ చిటికెనవేలికి గుడ్డ చుట్టుకుంటుంది.