ఆరో ప్రశ్నగా మా నాలా

మా ఇంటి ఓనరు అంకుల్‌కి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి గానీ నోటికి ఏమీ కాలేదు. అందుకు డాక్టరు సంతోషించాడు. ఆంటీ మాత్రం ఏమీ అనలేదు.

సీతాఫల్‌మండిలో కింది ఇల్లు వాళ్ళది, పై పోర్షన్‌లో అద్దెకుండేది నేను. అంకుల్ మంచం ముందు గదిలో వీధి కిటికీకి ఆనించి ఉండేది. కిటికీ అవతల వీధి, దాని అవతల టైలర్ మాస్టర్ దుకాణం. మధ్యలో దూరం ఎంతంటే, మాస్టర్ చేతిలోంచి కత్తెర జారితే అంకుల్ మంచం మీంచే "తగల్లేదు కదా?" అని అడిగేంత. పొద్దున షట్టరు లేచింది మొదలు ఇద్దరికీ మాటలే. అంకుల్ వాళ్ళు కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ క్రైస్తవులు, ఆయన ఆఫీసు సూపరింటెండెంటుగా రిటైరయ్యారు. మాస్టర్ జనగామ దిక్కు ముస్లిం. ఓటు వేసే పార్టీ ఒకటి కాదు, తాగే చాయ్ ఒకటి కాదు. ఇద్దరినీ కలిపింది ఊళ్ళో మిగతావాళ్ళ పనితనం మీద అసంతృప్తి. అలాంటి స్నేహాలు త్వరగా చెడవు, సరుకు తగ్గదు కాబట్టి.

ఇక నాలా, అదే మురుగు కాలవ, సంగతి. అది మిలిటరీ గోడల వెనక ఎక్కడో పుట్టి, మా వీధి పక్కనుంచి పోయి, రైలు పట్టాల కింద ఉన్న ఒక ఇరుకు తూములో దూరుతుంది. పుట్టిన చోట ఒక శాఖ, పారిన చోట ఒక శాఖ, దూరిన చోట ఇంకో శాఖ. ముగ్గురికీ సమాన హక్కులున్నాయి గనక ఎవరూ చొరవ తీసుకుని మిగతావాళ్ళ మనసు నొప్పించలేదు. పెద్ద వాన పడితే నీళ్ళన్నీ తూములో పట్టవు. పట్టనివి వెనక్కి తిరిగి, దగ్గర్లో తెలిసినవాళ్ళెవరున్నారా అని చూసుకుని మా ఇంటికి వస్తాయి.

నేను చెప్పబోయే ఏడాదికి ముందటి వానాకాలంలో నీళ్ళు పరుపు దాకా వచ్చాయి. అంకుల్‌ని కుర్చీలో కూర్చోబెట్టి నేనూ, మాస్టరూ, వీధిలో ఇద్దరు ఆటోవాళ్ళూ పైకి మోశాం. మెట్ల మలుపు దగ్గర ఒకరి కాలు జారి కుర్చీ ఒక పక్కకి ఒరిగింది. అంకుల్ ఎడమ చేత్తో గ్రిల్ పట్టుకుని, "వదిలేటప్పుడు ముందు చెప్పండి నాయనా" అన్నారు. అందరం నవ్వాం.

నీళ్ళు తీశాక మళ్ళీ కిందికి దించాం. డాక్టరు వచ్చి చూసి, "ఈ ఎక్కించడం, దించడం ఆయన తట్టుకోలేరు. ఈసారి ఎక్కిస్తే మళ్ళీ దించకండి" అని తేల్చేశాడు.

పైన వెనక గది ఒకటి ఆంటీ సామాన్లు పెట్టుకోడానికి ఉంచుకున్నారు. బాత్‌రూమ్ దానికే ఉంది. వీధి వైపు ఉన్న నా గది ఇస్తానన్నాను గానీ, అక్కణ్ణుంచి ఆయన్ని రోజూ బాత్‌రూమ్‌కి తిప్పడం ఆంటీ ఒక్కరి వల్ల కాదు. వెనక గది కిటికీలోంచి పక్కింటి గోడ కనిపిస్తుంది. మంచి గోడే, కొత్తగా సున్నం వేశారు. కానీ అది మాట్లాడదు.

అంటే, వానలలోపు తూము వెడల్పయితే అంకుల్ వీధి కిటికీ దగ్గర ఉంటారు, కాకపోతే గోడ దగ్గరికి వెళ్తారు.

ఒకరోజు మా ఎమ్మెల్యే వీధిలో ఎవరింటికో పెళ్ళి పలకరింపుకొచ్చారు. మాస్టర్ టేపు మెడలోనే వేసుకుని ఎదురెళ్ళి, "అన్నా, జెర ఇటు రా. మా సార్ పిలుస్తుండు" అని కిటికీ దాకా తీసుకొచ్చాడు.

ఎమ్మెల్యే నాలా పేరు వినగానే, "సార్, నేను ప్రతిపక్షం. నా చేతిల ఏముంది చెప్పు" అన్నారు.

"పని చెయ్యమని అడగడంలేదండి. సభలో ఒక ప్రశ్న అడగండి చాలు" అన్నారు అంకుల్.

ఎమ్మెల్యే మొహం వెలిగింది. తన శక్తిలో ఉన్న కోరిక ఒక ఓటరు కోరడం ఆయనకి అదే మొదటిసారేమో.

ప్రశ్న అంకుల్ చెప్పారు, నేను రాశాను. తూము ఎంత ఇరుకో, నీళ్ళు ఏ వైపునుంచి వస్తాయో, పరుపు ఎంత తడిసిందో, మెట్ల మలుపు, గ్రిల్, అన్నీ వచ్చాయి. పంపిన మర్నాడు ఎమ్మెల్యేగారి పీఏ ఫోన్ చేశాడు.

"సార్, ప్రశ్న కథ లెక్క ఉండొద్దు. వాస్తవమేనా అని ఒకటి. అయితే ఏం చేస్తున్నరు అని ఒకటి. కాకపోతే ఎందుకు అని ఒకటి. గంతే."

తగ్గిస్తూ పోయాం. పరుపు పోయింది, మెట్లు పోయాయి, గ్రిల్ పోయింది. చివరికి మిగిలింది ఇది. ఎ: సదరు నాలా వల్ల వర్షాకాలంలో ప్రజలు ఇబ్బంది పడుతున్న మాట వాస్తవమేనా? బి: అయితే, తూమును వెడల్పు చేసే ప్రతిపాదన ఉందా? సి: లేనిచో, కారణములేవి?

ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. ఆవిడ మిషన్ స్కూల్లో లెక్కల టీచరు.

"ఇందులో మీరెక్కడున్నారండీ?"

"ప్రజలు అని ఉంది చూడు, అక్కడ" అన్నారు అంకుల్.

మార్చిలో సభ మొదలైంది. మా ప్రశ్నకి నక్షత్రం గుర్తు పడిందని పీఏ కబురు చేశాడు. ఆ గుర్తు ఉంటే మంత్రి లేచి నోటితోనే జవాబు చెప్పాలి, సభ్యులు దాని మీద ఇంకా అడగొచ్చు. మాది వరసలో ఆరోది. గంటలో ఆరు ప్రశ్నలంటే ఏమంత ఎక్కువ అనుకున్నాం. చదువుకున్నవాళ్ళం కదా, భాగహారం చేసుకున్నాం.

ఆ పొద్దున మాస్టర్ షట్టరు సగం దించి, కాజాలు కుట్టాల్సిన చొక్కా ఒకటి తెచ్చుకుని అంకుల్ మంచం పక్కన కూర్చున్నాడు. నేను ఆఫీసుకి ఆలస్యంగా వస్తానని చెప్పాను. ఆంటీ టీవీ మీద దుమ్ము తుడిచారు.

మొదటి ప్రశ్న చెరువుల్లో చేపపిల్లల పంపిణీ గురించి. మంత్రి పొట్టిగానే జవాబు చెప్పారు. అప్పుడు ఒక్కొక్కరే లేవడం మొదలుపెట్టారు. మా చెరువుకి రాలేదని ఒకరు, వచ్చినవి చిన్నవని ఒకరు, మా చెరువుకి వచ్చినందుకు ధన్యవాదాలని ఒకరు.

"ఏంది సార్, ఒక్క చేప మీద ఇంతమంది పడ్డరు" అన్నాడు మాస్టర్.

"పోయినేడు మనింట్లోకి కూడా రెండు వచ్చాయి. లెక్కలో కలిపారో లేదో కనుక్కోమనండి" అన్నారు అంకుల్.

రెండో ప్రశ్న బస్టాండుల్లో మరుగుదొడ్లు. ఒక సభ్యుడు లేచి ముందు మంత్రిగారి పాలనని పొగిడాడు, తర్వాత వాళ్ళ ఊరి చరిత్ర చెప్పాడు.

"ప్రశ్న అడగండి, ఉపన్యాసం వద్దు" అన్నారు స్పీకర్.

"ఉపన్యాసం కాదు అధ్యక్షా, ప్రశ్నకు ముందు నాలుగు మాటలు."

"ఈయనకు బస్సు దొర్కదు, దొడ్డి దొర్కదు. మైకు ఒక్కటి దొరికింది" అన్నాడు మాస్టర్.

మధ్యలో ఒకసారి కెమెరా మా ఎమ్మెల్యేని చూపించింది. వెనక వరసలో, చేతిలో కాగితంతో, పరీక్ష హాల్లో కుర్రాడిలా కూర్చున్నారు. ఆయన మమ్మల్ని చూస్తున్నారన్నట్టు ఆంటీ పైట సర్దుకున్నారు.

మూడోది గడిచింది. నాలుగో ప్రశ్న దగ్గర ఒక సభ్యుడు ఏదో మాటన్నాడు. ఇటువాళ్ళు లేచారు, అటువాళ్ళు లేచారు. ఆ మాట రికార్డుల్లోంచి తీసెయ్యాలని వీళ్ళు, అనలేదని వాళ్ళు, అనకపోతే తీసెయ్యడమెందుకని ఇంకొకరు. టీవీ మూలన గడియారం నడుస్తూనే ఉంది. మాస్టర్ సూది ఆపేశాడు. అంకుల్ జోకులు కూడా ఆపేశారు. అది చూసి నాకు భయమేసింది.

అంతలో ఓ అద్భుతం జరిగింది. ఐదో ప్రశ్నని ఇంకోరోజుకి మార్చమని కోరారట. స్పీకర్ ఆరో నంబరు పిలిచారు.

"సార్, వచ్చింది! మనదే!" అని మాస్టర్ లేచి నిలబడ్డాడు. చొక్కా కిందపడింది.

మా ఎమ్మెల్యే కూడా లేచి మైకు సర్దుకున్నారు. "అధ్యక్షా, ప్రశ్న సంఖ్య ఆరు." మంత్రి లేచి, "సమాధానం సభ ముందు ఉంచడం జరిగింది అధ్యక్షా" అన్నారు. మా ఎమ్మెల్యే కాగితం విప్పారు. స్పీకర్ గడియారం వైపు చూసి, ప్రశ్నోత్తరాల సమయం ముగిసిందనీ, మిగిలిన ప్రశ్నలకు జవాబులిచ్చినట్టుగా భావిస్తున్నామనీ చెప్పారు.

మా ఎమ్మెల్యే ఇంకా నిలబడే ఉన్నారు. మైకు కట్టయింది. పెదాలు కదులుతున్నాయి. కెమెరా వేరేవైపు తిరిగిపోయింది.

మాస్టర్ వంగి కిందపడ్డ చొక్కా తీసి దులిపాడు.

"ఇచ్చినట్టు భావిస్తారా?" అన్నారు అంకుల్ చివరికి. "బాగుందయ్యా. ఈ సదుపాయం నాకు తెలియదు. అయితే నేనూ లేచి నడిచినట్టు భావించండి."

సాయంత్రం పీఏ ఆ జవాబుని ఫోటో తీసి పంపాడు. ఎ: అవునండి. బి: విషయము ఇతర శాఖలతో ముడిపడియున్నందున సంప్రదింపులు జరుగుచున్నవి. సి: ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆంటీ రెండుసార్లు చదివి, "తప్పెక్కడా లేదు" అన్నారు. నిజమే, లేదు. అదే ఇబ్బంది. తప్పుంటే కనీసం ఎర్ర సిరాతో దిద్దేవారు.

ఏప్రిల్లో ఎమ్మెల్యే మళ్ళీ వచ్చి కిటికీ దగ్గర ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చున్నారు. ఆయన్ని తిట్టాలని మాస్టర్ సిద్ధంగానే ఉన్నాడు గానీ, మనిషి మొహం చూసి చాయ్ తెప్పించాడు.

"నేను మూడు ఆఫీసులు తిరిగిన సార్. ఒక్కోడు మంచిగనే కూసోబెడ్తడు, మంచిగనే మాట్లాడ్తడు. ఆ తూము గోడ మాది కాదు అంటడు."

"మరి ఎవరిదట?" అన్నారు ఆంటీ.

"పక్కోళ్ళదట, మేడం."

అంకుల్ ఆయన్ని ఓదార్చారు. తర్వాత మంత్రుల్ని కొంచెం వెనకేసుకొచ్చారు కూడా. తను సూపరింటెండెంటుగా ఉన్నప్పుడు "సంప్రదింపులు జరుగుచున్నవి" అనే వాక్యం ఎంత ఉపయోగపడేదో వివరించారు. "చలవ చేసే వాక్యమండి అది. రాసినవాడికి" అన్నారు. ఎమ్మెల్యే నవ్వాలా వద్దా అని చూసి, చాయ్ పూర్తి చేసి వెళ్ళిపోయారు.

జూన్ మొదట్లో ఆకాశం నల్లబడ్డ పొద్దున, ఆంటీ మమ్మల్ని పిలిచారు. నీళ్ళు వచ్చాక తడి మెట్ల మీద మొయ్యడం వద్దు, పొడిగా ఉన్నప్పుడే ఎక్కిద్దాం అన్నారు. లెక్కల టీచరు గదా, కాదనడానికి ఏమీ దొరకలేదు. అంకుల్ కిటికీలోంచి దుకాణం వైపు చూస్తూ, "సరే, కానివ్వండి" అన్నారు. ఈసారి ఎవరి కాలూ జారలేదు. చాలా బాగా మోశాం.

మర్నాడు మాస్టర్ వీధిలోంచి తలెత్తి "సార్!" అని అరిచాడు. వెనక గదికి వినపడదు. ఫోన్ చేశాడు. అంకుల్‌కి ఫోన్‌లో మాట్లాడటం అలవాటు లేదు, ఆఫీసు ధోరణిలో "చెప్పండి" అంటారు. ఏదో పని మీద చేసినట్టుంటుంది. కొన్నాళ్ళకి ఫోన్లు తగ్గాయి. మాస్టర్ అప్పుడప్పుడు పైకి వచ్చి కూర్చునేవాడు గానీ, మోకాళ్ళ నొప్పి మనిషి. పైగా ఎదురెదురుగా కూర్చున్నాక ఇద్దరికీ ఏం మాట్లాడాలో తోచేది కాదు. వీధి మీద పోయేవాళ్ళు లేకుండా ఎవర్ని విమర్శిస్తారు?

వాన మాత్రం రాలేదు. ఆ నల్లటి మబ్బు అటునుంచటే పోయింది. జూన్ అంతా ఎండే. కింది గది పొడిగా, శుభ్రంగా, ఖాళీగా ఉంది.

సాయంత్రం ఆఫీసునుంచి రాగానే నేను వెనక గదిలోకి వెళ్ళేవాణ్ణి. అంకుల్ గోడ వైపు చూస్తూనే అడిగేవారు.

"కింద నీళ్ళొచ్చాయా?"

"లేదండీ."

"ఊఁ."

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. దాని మీద అనుబంధ ప్రశ్నలుండేవి కావు. దించమని ఆయన అడగలేదు. దించుదామని మేమూ అనలేకపోయాం.

జూలైలో ఒక మధ్యాహ్నం మొదలైన వాన ఇక ఆగలేదు. నేను ఇంటికి చేరేసరికి వీధిలో తొడల లోతు. మాస్టర్ బట్టల మూటలు పై అరలోకి ఎక్కిస్తున్నాడు. కింది గది తలుపు తోసి చూశాను. మంచం ఉండే చోట నీళ్ళు నల్లగా, నిండుగా, కదలకుండా నిలబడి ఉన్నాయి. పైకి వెళ్ళి, తడి బట్టలతోనే వెనక గది గుమ్మంలో నిలబడ్డాను.

"వచ్చాయా?" అన్నారు అంకుల్.

"వచ్చాయండీ. కిటికీ అంచు దాకా."

ఆయన నా వైపు తిరిగారు. పైకి ఎక్కించినప్పట్నుంచి ఆ మొహంలో అంత నిశ్చింత నేను చూడలేదు.

"హమ్మయ్య" అన్నారు.